చీటీ రాసిస్తే సరిపోదు, మంత్రిగారూ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. హెచ్‌ఐవీ పాజిటివ్ అని తెలిసిన రోజు కౌన్సిలర్ ఏం చెప్పారో నాకు సగం కూడా గుర్తు లేదు. చేతిలో పెట్టిన చీటీ మాత్రం గుర్తుంది. ‘ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లండి’ అని, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రానికి వెళ్లమని రాసి ఉంది. అక్కడ ఎవరిని కలవాలో లేదు. నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచాను. ఐదు నెలల్లో మడతల దగ్గర చిరిగిపోయింది. ఆ క్యూలో తెలిసినవాళ్లు కనిపిస్తే ఏం చెప్పాలన్న భయం నన్ను కదలనివ్వలేదు. చివరికి దగ్గు, జ్వరం వదలక వెళితే టీబీ అన్నారు. రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాల లెక్క అప్పటికే 200 కంటే కిందికి పడిపోయింది.

రిజిస్టర్‌లో మాత్రం నా వరుసలో ‘పంపించాం’ అని టిక్కు పెట్టే ఉంటుంది.

సిద్ధంగా ఉన్నవాళ్లకు పాజిటివ్ అని తేలిన రోజే, లేదంటే ఏడు రోజుల్లోపు మందులు మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే చెప్పింది. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానం ఉంటే కొంత ఆగాలి, అది వేరే సంగతి.

నాకు ధైర్యం ఇచ్చింది ఏళ్లుగా ఇవే మందులు వాడుతున్న ఒక అక్క. రెండోసారి సెంటర్‌కి నాతో పాటు వచ్చి, నా పక్కనే బెంచీ మీద కూర్చుంది. మాత్రల సీసా బ్యాగులో గలగలమనకుండా లోపల కాస్త దూది పెట్టుకోమని చెప్పింది. ఏ డాక్టరూ చెప్పని కిటుకు! మందులు మానకుండా వాడి, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు దొరకనంత తగ్గితే లైంగికంగా ఇంకొకరికి సోకదని కూడా ఆమె నోటే మొదట విన్నాను. ఆ ఒక్క మాట మొదటి రోజే నా చెవిన పడి ఉంటే ఐదు నెలలు ఇంట్లోవాళ్ల మొహం చూడలేక నలిగిపోయేవాణ్ని కాదు.

అలాంటివాళ్లను జీతమిచ్చి ప్రతి పరీక్ష కేంద్రంలో పెట్టండి. చీటీతో పాటు మనిషిని కూడా పంపండి. నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నుంచి ఆరు నెలల మందులు ఒకేసారి ఇప్పించండి, నెలనెలా సెలవు అడగలేక మానేసేవాళ్లు ఎందరో. తేదీ తప్పితే ఒక ఫోన్ చేయించండి. ఆలస్యంగా వచ్చినవాళ్లను తిట్టొద్దని కూడా దయచేసి చెప్పండి. తిట్లు తిన్నవాళ్లు మళ్లీ రారు.

వచ్చే సమీక్షలో ఎన్ని పరీక్షలు చేశారని కాకుండా, గత నెల పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమంది మొదటి మాత్ర వేసుకున్నారు, ఎన్నో రోజున వేసుకున్నారని అధికారులను అడగండి.

ఇట్లు,
రోజూ రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకునే ఒక పౌరుడు