పాటిని కూడా కాస్త చూడండి, మంత్రిగారూ

పురావస్తు శాఖ చూసే మంత్రిగారికి, కడప జిల్లా పెన్నా ఒడ్డు రైతు నమస్కరించి రాయునది.

అయ్యా, మా ఊరి పాటిని, అంటే పాత ఊరు పాడుబడి మిగిలిన దిబ్బను, మట్టి కోసం తవ్వి తోలుకుపోతున్నారని అర్జీలు ఇచ్చీ ఇచ్చీ విసిగిపోయి ఇక నలుగురి ముందూ చెప్పుకుంటున్నాను. ఊరు, సర్వే నంబరు, ఫొటోలు అన్నీ మీ పేషీకి చేరిన కాగితాల్లోనే ఉన్నాయి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన దానికైతే జవాబు కూడా వచ్చింది. ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు మెసేజి! అది చదువుతుండగానే మట్టి ట్రాక్టరు నా చేను గట్టు దాటి పోయింది.

అక్కడే పాత మఠం కూలి మిగిలిన దిబ్బ కూడా ఉంది. నా గోడు ఆ మఠం దిబ్బ గురించి కాదు. దాని మీద లింగం ఉంది, శివరాత్రికి దీపం పెడతారు, గడ్డపార వేయాలంటే ఎవరికైనా భయమే. పక్కనున్న పాటికే దిక్కు లేదు. మఠాన్ని నమ్ముకుని బతికిన ఊరు అది. రికార్డులో మాత్రం పోరంబోకు. పాటిమన్ను తోలితే చేను పండుతుందని మా తాతలూ ఒకటి రెండు బండ్లు తోలుకున్నారు, కాదనను. ఇప్పుడు జేసీబీ వచ్చింది. రాత్రి మొదలుపెడితే తెల్లారేసరికి పాటి ఒక పక్క నిలువునా తెగిపోయి ఉంటుంది. ఆ కోత దగ్గర నిలబడి చూడండి సార్. పైన బూడిద పొర, దాని కింద నల్ల పెంకులు, ఇంకా కింద జానెడున్నర పొడవు ఇటుకల వరుస, ఒక మూల సగం పగిలిన తిరగలి. మర్నాటికి ఆ వరుస లేదు. ఆ ఇటుకలు ఎవరి పశువుల కొట్టంలో పరిచారో ఊరందరికీ తెలుసు. పేరు రాస్తే నేను ఊళ్ళో ఉండలేను.

మఠమంటే నాలుగు రాతి స్తంభాలేనా? 1261 నాటి మల్కాపురం శాసనం మీ శాఖవాళ్ళకు కంఠతా వచ్చే ఉంటుంది. కాకతీయ రాణి రుద్రమదేవి మందడం గ్రామాన్నిస్తే శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యులు మఠం, అన్నసత్రంతో పాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల పెట్టించారు. కమ్మరికీ కుమ్మరికీ శిల్పికీ బతుకు చూపారు. ఆయనది గోళకీ మఠమనే శైవ గురుపరంపర, దాని శాఖే మన పుష్పగిరిలోనూ నడిచింది. మా మఠం ఆ కోవదా, వేరేదా అన్నది తవ్వి చూసినవాళ్ళు చెప్పాలి. చూసేదాకా మిగిలితే కదా!

దానవులపాడులో జైన ఆలయాన్ని పెన్నా ఇసుకే కప్పిపెట్టి కాపాడింది. గత శతాబ్దం మొదట్లో తవ్వితే రాష్ట్రకూటుల నాటి శాసనాలతో సహా బయటపడింది. అప్పట్లో ఇసుకకు ఇంత గిరాకీ లేదు మరి.

ఒక ఆఫీసుకు పోతే గనుల వాళ్ళనడగమంటారు, వాళ్ళు రెవెన్యూ అంటారు, రెవెన్యూ వాళ్ళు ‘రక్షిత జాబితాలో లేదు గదప్పా’ అంటారు. జాబితాలో ఎక్కించాల్సింది ఎవరు స్వామీ, నేనా? కేంద్రం రక్షించే కట్టడమైతే చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ. చట్టం ఘనంగానే ఉంది. జాబితాకెక్కని పాటికి అడుగు జాగా కూడా రక్షణ లేదు.

గండికోటకు 77.91 కోట్లు మంజూరయ్యాయంటే మేమూ సంతోషించాం. అందులో మాకు పైసా వద్దు. ఒక బోర్డు, ఒక కంచె, రాత్రిపూట కాపలాకు ఒక మనిషి. తవ్వకాలు మా మనవళ్ళ కాలంలో చేసినా సరే. మీ వాళ్ళు వచ్చి కొలతలు వేసుకుని పోవాలి, జాబితాలో ఎక్కించాలి, కంచె వేయాలి, ఇవన్నీ ఇదివరకే రాశాను, మళ్ళీ రాస్తున్నాను. కానీ సార్, దండం పెడతా, ముందు ఆ జేసీబీని ఆపించండి. తహసీల్దారుకు మీ పేషీ నుంచి ఒక్క ఫోను పోతే ఈ రాత్రికి ఆగుతుంది. బోర్డు సంగతి నిదానంగా చూసుకోవచ్చు.

ఇట్లు,
పాటి పక్క చేను రైతు