కాలు కుంటుతున్న కుందేలు: ముందు చూడాల్సింది పెంటికలు

ఒరే శీనూ,

నీ ఉత్తరం అందింది. కుడి వెనక కాలు పూర్తిగా ఆనించడం లేదనీ, తిండి మాత్రం మానలేదనీ రాశావు. ఆ రెండో మాట చదివాకే కాస్త స్థిమితపడ్డాను. కుందేలుకు దెబ్బ తగిలితే అందరూ కాలు చూసి కంగారు పడతారు గానీ, దాని ప్రాణం మీదికి తెచ్చేది పొట్ట. నొప్పి ఉంటే తిండి తగ్గిస్తుంది. తిండి తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది, గ్యాసు పడుతుంది. దాంతో నొప్పి ఇంకా పెరిగి తినడమే మానేస్తుంది. కాలి బెణుకు వారం ఆగినా ఆగుతుంది, పేగు ఒక పూట కూడా ఆగదు.

అందుకే పొద్దున లేవగానే ముందు లిట్టర్ ట్రే, అంటే అది పెంటికలు వేసే తట్ట, చూడు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకు 200 నుంచి 300 దాకా పెంటికలు వేస్తుంది. అన్నీ గుండ్రంగా, ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి, వేళ్లతో నలిపితే గడ్డి పొట్టు రాలాలి. చిన్నవైపోయినా, ఆకారం తప్పినా, తగ్గినా పేగు నెమ్మదించిందనే లెక్క. 10–12 గంటలు ఏమీ తినకపోతే, లేదా ట్రే ఖాళీగా ఉంటే, అర్ధరాత్రయినా సరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. తెల్లారాక చూద్దాంలే అనుకోకు. వంటింటి త్రాసు మీద రోజూ ఒకే వేళకు బరువు కూడా చూస్తూ ఉండు. కంటికి ఆనని తేడా అందులో తెలుస్తుంది.

ఇక కాలి సంగతి. దాన్ని వెంటనే ఎత్తుకోకు. జారని చాప మీద వదిలి కాసేపు దూరం నుంచి చూడు: అసలు ఆనించడం లేదా, ఆనించి ఎత్తేస్తోందా, గెంతేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతోందా? తర్వాత నువ్వే నేల మీద కూర్చుని ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి దగ్గరికి తీసుకో. వెనక భాగం గాలిలో వేలాడకూడదు. పిల్లి ఒంట్లో ఎముకల బరువు 12–13 శాతం ఉంటే కుందేలుకు 7–8 శాతమే. వెనక కాళ్ల కండలు మాత్రం భలే బలం. గాలిలో ఒక్క తన్ను గట్టిగా తన్నిందంటే దాని నడుమే విరగొచ్చు. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుందని ఎవరైనా సలహా ఇస్తే వినకు. అది ప్రశాంతంగా ఉన్నట్టు కాదు, భయంతో బిగుసుకుపోయినట్టు.

గోళ్ల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లు. చిన్నపాటి కుంటుకు చాలాసార్లు కారణం చిరిగిన గోరే, తివాచీ దారాల్లో చిక్కి ఊడుతుంది. రక్తం కారుతుంటే కార్న్‌ఫ్లోర్ అద్ది అయిదు నిమిషాలు వదలకుండా నొక్కిపట్టు. మధ్యలో తీసి చూశావంటే మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాత పాదం అడుగు చూడు. పిల్లికీ కుక్కకీ ఉండే మెత్తలు కుందేలుకు ఉండవు, బొచ్చే దానికి రక్ష. మడమ దగ్గర బొచ్చు ఊడి చర్మం ఎర్రబడితే అది దెబ్బ కాదు, ఒత్తిడి పుండు. గట్టి నేలో, తీగల అడుగున్న పంజరమో, ఎక్కువ బరువో కారణం. తర్వాత వేళ్లు, చీలమండ, మోకాలు. ప్రతిచోటా రెండో కాలితో పోల్చి వాపు, వేడి చూడు.

కాలు వేలాడుతున్నా, వంకర తిరిగినా, బొత్తిగా ఆనించకపోయినా, కాటు పడినా ఆ రోజే చూపించు. రెండు వెనక కాళ్లూ ఈడుస్తుంటే వెన్నెముక దెబ్బ కావచ్చు, గంట కూడా ఆలస్యం వద్దు. పళ్లు గట్టిగా కొరుకుతూ, కళ్లు సగం మూసి, ముడుచుకుని కూర్చుంటే అది నొప్పే. నిమిరేటప్పుడు వచ్చే సన్నటి పళ్ల చప్పుడు వేరు, దానికి భయపడక్కర్లేదు. కుందేలు ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, 38 కన్నా తగ్గితే ప్రమాదం. థర్మామీటరు పెట్టడం నీకు అలవాటు లేకపోతే ఆ జోలికి పోకు. చెవులు చల్లగా ఉండి, మందకొడిగా పడుంటే చాలు, బయల్దేరు. ఇవేవీ లేకుండా కొద్దిగా కుంటుతున్నా సరే, ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే.

చర్మం గీసుకుపోయిందన్నావు కదా. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీస్పూనుకు కాస్త తక్కువ ఉప్పు కలిపి గాజు గుడ్డతో తుడువు. పోవిడోన్ అయోడిన్ వాడితే పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలపాలి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, కొత్త చర్మాన్ని తినేస్తాయి. పైపూత మందులూ వద్దు, నిమిషంలో నాకేస్తుంది. స్నానం అసలే వద్దు. ఇంకో కుందేలు కొరికిన గాటైతే పైకి మానినట్టున్నా కొన్నాళ్లు రోజూ తడిమి చూడు. కుందేలు చీము చిక్కగా గట్టిపడి ఉంటుంది, దానంతటది కారిపోదు, లోపలే గడ్డ కడుతుంది.

కట్టు నువ్వు కట్టకు. కొరికి మింగుతుంది, లేదా జారి బిగుసుకుని వేళ్లకు రక్తం అందకుండా చేస్తుంది. వాపుంటే చల్లటి ప్యాక్‌ను తువ్వాల్లో చుట్టి అయిదు నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు పెట్టు. అది గింజుకుంటే మానెయ్యి, ఆ పెనుగులాటలో జరిగే నష్టమే ఎక్కువ.

మందుల దగ్గర మాత్రం సొంత వైద్యం చెయ్యకురా. మన నొప్పి మాత్రలు వద్దు. కుందేళ్లకు డాక్టర్లు మామూలుగా రాసేది మెలాక్సికామ్, మోతాదు బరువు చూసి వాళ్లే చెప్పాలి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపి కుందేలు ప్రాణమే తీయగలవు. ఎవరు రాసిచ్చినా ఒకసారి అడుగు. కుక్కలకు గోమార్లు పోవడానికి వాడే ఫిప్రోనిల్ స్ప్రే కూడా దీనికి విషమే. ఎక్స్‌రే కోసం మత్తు ఇవ్వాల్సి వస్తే, ముందు రాత్రి నుంచి పస్తుంచమని ఎవరైనా చెప్పొచ్చు. కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి ఆ పస్తు దానికి అక్కర్లేదు సరికదా, పేగును ఆపేస్తుంది. ఈ ముక్క గట్టిగా చెప్పు.

ఇంట్లో దానికి కావాల్సింది విశ్రాంతి. ఒళ్లు చాచి పడుకునేంత, లేచి నిలబడేంత చోటు చాలు, పరుగెత్తేంత వద్దు. మెట్లూ, ఏటవాలు పలకలూ, ఎక్కే పెట్టెలూ అన్నీ తీసెయ్. కింద తువ్వాలు, పైన మెత్తటి ఫ్లీస్ పరిస్తే తడి కిందికి దిగిపోతుంది. లిట్టర్ ట్రే ముందు గోడను నేలకు బాగా దగ్గరగా కోసెయ్, లేకపోతే దాటలేక పక్కనే తడిపి అందులోనే కూర్చుంటుంది. ఎండుగడ్డి మూతికి అందేలా పెట్టు, నీళ్లు సీసాలో కాకుండా గిన్నెలో పెట్టు. జత కుందేలు ఉంటే విడదీయకు. మరీ మీద పడుతుంటే మధ్య జల్లెడ తలుపు పెట్టు, వాసన తగిలితే చాలు. ఎండుగడ్డి తగ్గిస్తే డాక్టరును అడిగి, నలతగా ఉన్న కుందేళ్లకు తిండికి బదులు పెట్టే పొడిని నీళ్లలో కలిపి సిరంజితో పట్టు. కిలో బరువుకు రోజుకు 50 మిల్లీలీటర్ల లెక్కన నాలుగైదు విడతలుగా, ముందు పళ్ల పక్క సందులోంచి, నమిలి మింగాకే మళ్లీ. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంటే మాత్రం పట్టకు.

ఇంకో చిక్కుంది. కుందేలు రాత్రుళ్లు మెత్తటి పెంటికలను నేరుగా నోటితో తీసుకుని తింటుంది, వాటిలో దానికి కావాల్సిన విటమిన్లుంటాయి. కాలు నొప్పైతే వంగలేదు, అవి తోక కింద అతుక్కుంటాయి. గాయం నాక్కోకుండా మెడ చుట్టూ గొట్టం (కోన్) కట్టినా ఇదే గొడవ. అక్కడ తడీ మురికీ ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులోనే పురుగులవుతాయి. పొద్దునా సాయంత్రం తోక కింద చూసి తడిగుడ్డతో తుడిచి బాగా ఆరబెట్టు. పురుగు ఒక్కటి కనిపించినా డాక్టరే దిక్కు. చెవి కూడా చూడు: కుడి చెవి గోక్కునేది కుడి వెనక కాలితోనే కదా, ఇప్పుడు గోక్కోలేదు కాబట్టి ఆ చెవిలో గులిమి పేరుకుంటుంది.

బెణుకైతే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. మందు వేసుకున్నాక హుషారుగా గెంతుతుంది, అది చూసి బయటికి వదిలేశావంటే పని మళ్లీ మొదటికొస్తుంది. కుంటు పోయాక కూడా కొన్ని రోజులు ఆగి, ముందు నేల మీద పది నిమిషాలు వదులు. మర్నాడు కుంటకపోతే సమయం పెంచు, ఎక్కడాలూ దూకడాలూ చివర్న. ఈలోపు నున్నటి గచ్చు మీద అది తిరిగే దారంతా చాపలు పరిచి, గోళ్లు కత్తిరించు. నల్ల గోరైతే వెనక నుంచి టార్చి వేసి రక్తనాళం ఎక్కడ ఆగిందో చూసి, దానికి కాస్త ఇవతల, గోరు కొన వైపే కత్తిరించు.

ఎక్స్‌రే తీయిస్తే ఏం చెప్పారో వెంటనే రాయి.

ఉంటానురా,
నీ మిత్రుడు