ఒంటి రంగు చూసి రెసిస్టర్ మార్చొద్దు

సంపాదకులకు,

ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు ఇంట్లోనే బాగుచేసుకునేవారు రెసిస్టర్ (కరెంటును అడ్డుకుని తగ్గించే చిన్న భాగం) మార్చేటప్పుడు దాని ఒంటి రంగును నమ్ముకుంటున్నారు. లేత గోధుమ రంగుది సాధారణంగా కార్బన్ ఫిల్మ్ రకం: విలువ చెప్పే రంగు చారలు నాలుగు, ఆ విలువలో 5 శాతం వరకు తేడా. నీలం ఎక్కువగా మెటల్ ఫిల్మ్: అయిదు చారలు, 1 శాతం. ఇది తయారీదారుల అలవాటే తప్ప నియమం కాదు.

ప్రమాదమంతా కరెంటు లోపలికొచ్చే చోట ఉండే ఫ్యూజిబుల్ రెసిస్టర్‌తోనే. అది ఏ రంగులోనైనా ఉండొచ్చు. షార్టయితే మంట లేకుండా తెగిపోవడం దాని పని. ఓములు (అడ్డుకునే శక్తి కొలత) సరిపోయాయని అక్కడ మామూలు కార్బన్ ఫిల్మ్ వేస్తే నిప్పంటుకోవచ్చు. అంతే ఓములు, అంతే వాట్ల ఫ్యూజిబుల్‌నే వేయాలి. అంతకుముందు ప్లగ్ తీసి, కెపాసిటర్‌లో నిలిచిన చార్జ్‌ను డిశ్చార్జ్ చేసి, డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగాలు) షార్టయ్యాయేమో మీటరుతో చూడండి. లేకపోతే కొత్తదీ వెంటనే పోతుంది.

– ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌లు, విజయవాడ