చీకట్లో శబ్దాలు లెక్కపెట్టిన రోజులు

అమ్మలూ,

2025 మే 8 రాత్రి, పాకిస్తాన్‌తో ఘర్షణ నడుస్తుండగా, చండీగఢ్‌లో సైరన్ మోగి దీపాలన్నీ ఆర్పేసినప్పుడు నువ్వు ఫోన్ చేశావు. బాబు నీ చెయ్యి వదలడం లేదని చెప్పి, "నాన్నా, మీ చిన్నప్పుడు విశాఖలో ఇలాగే ఉండేదా? నాన్నమ్మ నీకు ఏం చెప్పేది?" అని అడిగావు. నీ గొంతు వింటూ నేను సరిగ్గా జవాబివ్వలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మా అమ్మ నాకేమీ చెప్పలేదమ్మా. పని అప్పజెప్పింది.

1971లో నాకు తొమ్మిదేళ్ళు. బురుజుపేటలో అద్దె ఇల్లు, రెండు గదులు. మా నాన్న ఓడరేవులో కళాసీ. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలుకాక ముందే దాని జాడ మా ఇంటికి వచ్చింది. నవంబరు నుంచి కవరు మీద మామూలు స్టాంపుతో పాటు ఇంకో ఐదు పైసల స్టాంపు అంటించాలన్నారు. తూర్పు బెంగాలు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి కోటి మంది శరణార్థులు వచ్చారు కదా, వాళ్ళ కోసం. మామయ్యకు ఉత్తరం రాసినప్పుడల్లా ఆ చిన్న స్టాంపు అంటించే పని నాదే. బడి ఆవరణలో కందకాలు తవ్వారు. సైరన్ మోగితే అందులో బోర్లా పడుకుని, చెవులు మూసుకుని, పళ్ళ మధ్య గుడ్డ పెట్టుకోవాలని మాస్టారు నేర్పారు. మాకు అది ఆటలా ఉండేది.

డిసెంబరు 3, శుక్రవారం. సాయంత్రం పశ్చిమాన మన విమానాశ్రయాల మీద పాకిస్తాన్ విమానాలు బాంబులు వేశాయన్న వార్త చీకటి పడ్డాక తెలిసింది. కిటికీ అద్దాలకు అమ్మ మైదాపిండి జిగురుతో నల్ల కాగితాలు అంటించింది. నాన్న సైకిలు దీపానికి కూడా ఒక ముక్క అంటించి ఆయన్ని రాత్రి పనికి పంపింది. లాంతరు వత్తి తగ్గించి మంచం కింద పెట్టింది. ఇంత చేసినా ముందురోజే మార్గశిర పౌర్ణమి వెళ్ళింది. వాకిట్లో పిండి ఆరబోసినట్టు వెన్నెల. మా అమ్మమ్మ తలుపు సందులోంచి దాన్ని చూసి, "దీన్నెవరు ఆర్పుతారే?" అంది. ఆ మాట అన్నప్పటి ఆమె ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు ఇదే ఊరి మీద బాంబులు వేసినప్పుడు చంటిబిడ్డగా ఉన్న మా అమ్మను చంకనేసుకుని పల్లెకు పరుగెత్తిన మనిషి ఆవిడ.

నాకు ఏడుపు వచ్చింది. అప్పుడే అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నాకు చెవులు సరిగ్గా పని చెయ్యడం లేదు, ఏమేం వినిపిస్తున్నాయో నువ్వు చెప్పు" అంది. పక్కింటి తాతగారి దగ్గు. నూతి గిలక. పెంకుల మీద పిల్లి. దూరంగా సముద్రం. ఒక్కొక్కటి చెబుతుంటే అమ్మ నా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టేది. పది అయితే మళ్ళీ మొదటి నుంచి. అలా లెక్కపెడుతూనే నిద్రపోయాను.

అర్ధరాత్రి దాటాక ఒక పెద్ద మోత. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, అటక మీది గిన్నె దొర్లి పడింది. అమ్మమ్మ లేచి కూర్చుని "మళ్ళీ వచ్చారు" అంది. అలవాటు ప్రకారం అమ్మ నన్ను "ఏమిటది?" అని అడిగింది. తెలియదన్నాను. "నాకూ తెలియదు" అంది. ఆ పదమూడు రోజుల్లో అమ్మ భయపడిందని నేను పోల్చుకున్నది ఆ ఒక్క మాటలోనే. తర్వాత ఇద్దరం ఒకే శబ్దం కోసం కాచుకున్నాం. తెల్లవారాక వినిపించింది, గొలుసు కప్పు ఊగుతూ టకటకమనే నాన్న సైకిలు.

ఆ మోత పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయినప్పటిదని కొన్ని రోజులకు ఊరంతా తెలిసింది. అది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్ మన రేవులోనే ఉందని ఊళ్ళో అందరం నమ్మాం. నేనైతే స్నేహితుల దగ్గర ఒట్టు వేసి మరీ చెప్పాను. నిజానికి అది అంతకు ముందే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. ఇక్కడే ఉందన్న నమ్మకం కలిగించడానికి నౌకాదళం వాళ్ళు బజారులో పెద్ద ఎత్తున సరుకులు కొనిపించారని తర్వాతెప్పుడో చదివాను. నాన్న రేవులో పని చేసే మనిషి, విక్రాంత్ లేదని ఆయనకు తెలియకుండా ఉండదు. "ఉంది కదా నాన్నా?" అని నేను ఎన్నిసార్లు అడిగినా అన్నం కలుపుకుంటూ నా వైపు చూసేవారే తప్ప, అవుననీ కాదనీ అనలేదు. అమ్మతో కూడా అనలేదట. నాన్నను తలుచుకుంటే ఆ మౌనమే నాకు ముందు గుర్తొస్తుంది.

ఆ జలాంతర్గామిలో దాదాపు 90 మంది ఉన్నారు. మర్నాడు బడిలో మేము ఆ మోతను అనుకరిస్తూ నోటితో చప్పుళ్ళు చేసి గంతులు వేశాం. నీ చిన్నప్పుడు బీచి రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి లోపలికి తీసుకువెళితే, ఇరుకు దారిలో నడుస్తూ నువ్వు "ఇందులో కిటికీలు లేవేం నాన్నా?" అన్నావు. ఆ గంతులు గుర్తొచ్చి నేను మాట్లాడలేకపోయాను.

యుద్ధం సాగుతుంటే చంద్రుడు తరుగుతూ వచ్చాడు. రోజురోజుకీ చీకటి చిక్కబడుతుంటే అమ్మమ్మ మనసు కుదుటపడింది. మార్గశిర లక్ష్మివారాలు అమ్మ ఒక్కటీ మానలేదు. తెల్లవారుజామున దీపం లేకుండా నా చెయ్యి పట్టుకుని కనకమహాలక్ష్మి గుడికి నడిచేది. ఆఖరి లక్ష్మివారం డిసెంబరు 16. ఆ సాయంత్రమే ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందని రేడియోలో విన్నాం.

మర్నాడు అమావాస్య. రాత్రి పడమర సరిహద్దులో కూడా కాల్పులు ఆగాయి. అమ్మ తడిగుడ్డతో కిటికీ కాగితాలు నానబెట్టి తీస్తుంటే నాన్న లాంతరు వత్తి పూర్తిగా పెంచి పట్టుకున్నారు. జిగురు మరకలు ఎంత రుద్దినా పోలేదు. ఆ ఇల్లు ఖాళీ చేసేనాటికీ అవి అలాగే ఉన్నాయి.

బాబుకు ఇప్పటికీ రాత్రి దీపం ఆర్పితే భయంగా ఉందన్నావు కదా. పడుకునే ముందు నాకు ఫోన్ చేసి వాడికి ఇవ్వు. తాతయ్యకు చెవులు సరిగ్గా వినిపించడం లేదని చెప్పు. నా విషయంలో అది నిజం కూడాను. మీ వీధిలో ఏమేం వినిపిస్తున్నాయో వాడు చెబితే ఇక్కడ నేను లెక్కపెడతాను.

మీ నాన్న