స్కేల్స్ అయ్యాయి, ఇక పాట మొదలుపెట్టు

ఒరే మామా,

నీ ఉత్తరం చేరింది. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందని చదివి మా ఇంట్లో అందరూ సంతోషించారు. మిగిలిన పేజీలన్నీ గిటార్ గురించే రాశావు కాబట్టి నేనూ నేరుగా ఆ సంగతికే వస్తాను.

ఐదు స్వరాల వరస, అంటే పెంటాటోనిక్ స్కేల్, గిటార్ మెడ మీద ఐదు పొజిషన్లలోనూ కళ్ళు మూసుకుని వాయిస్తున్నావు. ఒకే స్కేల్‌ని వేరే స్వరం నుంచి మొదలుపెట్టే మోడ్స్ వచ్చు, ఏ స్కేల్లో ఏ కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు) పుడతాయో చెప్పగలవు. కానీ మొన్న చుట్టాల పెళ్ళిలో ఎవరో "ఏదైనా వాయించప్పా" అంటే వేళ్ళు కదల్లేదని, నీకు సంగీతం రాదేమోనని రాశావు. ఆ చివరి మాట నేను ఒప్పుకోను. నువ్వు నేర్చుకున్నదంతా పనికొచ్చేదే. మధ్యలో ఒక మెట్టు లేకుండా పోయింది, అంతే.

అదేం మెట్టో చెప్తాను. ఇక్కడ తిరుపతిలో సంగీతం నేర్చుకునే పిల్లల్ని చూడు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు. నీ స్కేల్ ప్రాక్టీసు లాంటివే అవి. ఆ తర్వాత వాళ్ళని నేరుగా త్యాగరాజ కృతిలోకి తోసేయరు. ముందు గీతం చెప్తారు. చిన్న పాట, ఒకే పంక్తిని రకరకాలుగా మార్చి పాడే సంగతులుండవు, లయ తేలిక, సాహిత్యం స్వరాన్ని పట్టుకునే నడుస్తుంది. కానీ అది పాటే. పిల్లవాడు ఇంటికెళ్ళి నానమ్మకి పాడి వినిపించగలడు. ఆ తర్వాత స్వరజతి, వర్ణం, అప్పుడు కృతి. గిటార్ దగ్గర మనకి ఆ వరస ఎవరూ చెప్పలేదు. వీడియోల్లో స్కేల్ చార్టు చూపించి, మరుసటి వీడియోలో పెద్ద సోలో పెట్టేస్తారు. మధ్యలో గీతం లేదు. నువ్వు ఆగిపోయింది అక్కడే.

కాబట్టి నీ గీతాలు నువ్వే ఏరుకో. అమ్మ వంటింట్లో కూనిరాగం తీసే పాట, చిన్నప్పుడు విన్న జోలపాట, మీ వీధి భజనలో పాడేది, ఏదైనా సరే. ఏ తీగ ఎక్కడ నొక్కాలో రాసి ఉండే ట్యాబ్ చూడొద్దు. ముందు గొంతుతో పాడు, శ్రుతి సరిగ్గా లేకపోయినా పర్వాలేదు. తర్వాత ఒకే తీగ మీద ఆ పాట ఎక్కడుందో వెతుకు. ఒకే తీగ ఎందుకంటే, అక్కడ నీ పొజిషన్లు పనిచెయ్యవు. వేళ్ళకి అలవాటైన దారి ఉండదు కనుక చెవి చెప్పినట్టు వినక తప్పదు. పైగా ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం, తీగ లాగడం, ఊపడం ఒంటి తీగ మీదే బాగా వంటబడతాయి. మన చెవికి అలవాటైన గమకమంతా అందులోనే ఉంది. మాండొలిన్ శ్రీనివాస్ పడమటి వాద్యం మీద కర్ణాటక కచేరీలు ఎలా చేశాడో విను, నీకే తెలుస్తుంది.

ఈ ఊళ్ళో ఉంటూ నేను మాటిమాటికీ తలుచుకునే విషయం ఒకటుంది. తాళ్ళపాక వారి రాగిరేకులు. అన్నమయ్య సంకీర్తనలు ఆ రేకుల మీద చెక్కి కొండ మీద గుడిలో దాచారు కదా. ఒక్కో పాటకి సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఎలా పాడాలో స్వరాలు మాత్రం రాసి లేవు. తర్వాతి కాలంలో సంగీత విద్వాంసులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, ఆయన తర్వాత ఇంకెందరో వాటికి బాణీలు కట్టారు. ఇవాళ మనం వినే ఎన్నో కీర్తనలు అలా మళ్ళీ పాటలైనవే. ఆలోచించు మామా. రాగం పేరు చేతిలో ఉంది. నీ భాషలో చెప్పాలంటే స్కేల్ ఉంది. అయినా పాట ఇంకా పుట్టలేదు. పల్లవి ఏ స్వరం మీద ఎత్తుకోవాలి, ఏ మాట దగ్గర నిలబడాలి, ఏ స్వరాన్ని సాగదియ్యాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఇవన్నీ ఒక మనిషి కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చింది. నువ్వు రోజూ వాయించే మేజర్ పెంటాటోనిక్, మన మోహన రాగం, రెండింటిలో ఉన్నవీ అవే ఐదు స్వరాలు. అందులో ఎన్ని పాటలు వచ్చాయో లెక్కేముంది! నీదీ ఒకటి రావచ్చు.

సరే, చేతికి పని చెప్తాను. ఏ మైనర్ (Am), ఎఫ్, సి, జి, ఈ నాలుగు కార్డ్స్ తీసుకో. ఒక్కోటి నాలుగు దెబ్బలు, నింపాదిగా, ఫోన్లో రికార్డు చేసి పెట్టుకో. దాని మీద స్కేలంతా పరిగెత్తించకు. సి అనే ఒక్క స్వరం పట్టుకో. ఏ మైనర్ మీద అది మూడో స్వరం, కాస్త దిగులుగా ఉంటుంది. ఎఫ్ రాగానే అదే స్వరం ఐదోది అవుతుంది, ఛాతీ విప్పుకున్నట్టు ఉంటుంది. సి కార్డ్ మీద అదే ఆధారం, ఇంటికొచ్చేశావు. నువ్వు వేలు కూడా కదపలేదు, కింద నేల మారింది. జి వచ్చేసరికి ఒక్క ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు గీత) దిగి బి వాయించు, అది జి కార్డ్ మూడో స్వరం. మళ్ళీ ఏ మైనర్ రాగానే సి కి ఎక్కు. రెండే స్వరాలు! నాకైతే ఇది మొదటిసారి వినిపించినప్పుడు ఒళ్ళు జలదరించింది. నువ్వు పుస్తకంలో రాసుకున్న థియరీ అంతా దీనికోసమే ఉంది. దీనికి మూడో స్వరం కలుపు, తర్వాత నాలుగోది. ఒక చిన్న ప్రశ్న లాంటి వాక్యం వాయించి ఆగు. నాలుగు దెబ్బలు ఊరుకో. అప్పుడు జవాబు వాయించు. ప్రశ్నని గాల్లో వదిలెయ్, జవాబుని సి మీదో ఏ (A) మీదో దించు.

ఆ ఊరుకోవడం నీకు కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. స్కేల్స్ చేసిన చేతులు ఖాళీని చూస్తే నింపేస్తాయి. దానికి మందు పాడటమే. పాడేవాడు ఊపిరి తీసుకోక తప్పదు.

లయ గురించి ఒక్కటే చెప్తాను. మన వైపు చెక్కభజన చూశావుగా. పాటలో స్వరాలు కొన్నే తిరుగుతుంటాయి. కానీ చెక్కలు, అడుగులు కలిసేసరికి పక్కన నిలబడ్డవాడి కాలు కూడా ఆడుతుంది. నీ రెండు స్వరాలనీ అలాంటి నడకలో పెట్టి చూడు. దెబ్బదెబ్బకీ టిక్కుమనే మెట్రోనోమ్ అవసరమే, దాన్ని రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద మోగేట్టు అనుకుని వాయించు. మిగతా దెబ్బలు నువ్వే మోయాల్సి వస్తుంది.

థియరీ మానెయ్యమంటావా అని అడిగావు. ఎందుకు మానాలి? వరస మార్చు. ముందు విను, నచ్చినదాన్ని పట్టుకో, ఆ తర్వాత అది ఏమిటో పేరు చూసుకో. ఏదో పాటలో మధ్యమం ఒక మెట్టు పైకి జరిగి గుండె పట్టేస్తే, లిడియన్ మోడ్ అనో కల్యాణి రాగం అనో అప్పుడు తెలుసుకో. ఇక మర్చిపోవు.

ఇంకోటి. ఒంటరిగా గదిలో వాయిస్తే సగమే వస్తుంది. పాడేవాళ్ళ పక్కన కూర్చో. వచ్చే ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చెయ్. మా చెల్లెలు పాడుతుందని తెలుసుగా, తను ఐదో శ్రుతిలో పాడుతుంది, అంటే జి. నీకు వచ్చిన సి కార్డ్ ఆకారాలతోనే వాయించాలంటే ఏడో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి శ్రుతి పెంచే బిగింపు) పెట్టాలి, లేదంటే జి ఆకారాలు సిద్ధం చేసుకుని రా. తను పాడేటప్పుడు నువ్వు కార్డ్స్ మార్చడం తప్ప ఏమీ చెయ్యకు. చరణం అయ్యాక వచ్చే ఖాళీలో మాత్రం నీ ప్రశ్న, జవాబు వాయించు. ఆలోగా ఏ మైనర్ మీద ఏం కట్టావో ఫోన్లో పంపు, అరనిమిషం ఉన్నా చాలు, బాగా వచ్చేదాకా ఆగొద్దు.

నా కాపో స్ప్రింగ్ వదులైంది, నీది మర్చిపోకుండా తెచ్చుకో. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ మామ