నారు కట్టలు అందించే మనిషి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

సూపర్ కంప్యూటర్ల సదస్సులో నీ పరిశోధన పోస్టరుకు చోటు దొరికిందని రాత్రి ఫోనులో చెబుతూనే, "అంత పెద్దవాళ్ల ముందు నేనేం మాట్లాడను నాన్నా" అన్నావు. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

నీ పని నాకు ఎంతవరకు అర్థమైందో ముందు చెబుతాను, తప్పుంటే దిద్దు. వాతావరణాన్ని గళ్లుగా విడదీసి, ఆ లెక్కలను సూపర్ కంప్యూటరులోని వేల ప్రాసెసర్లకు పంచుతారు. ఒక గడిలో రేపు ఏం జరుగుతుందో తెలియాలంటే పక్క గడిలో గాలి, తేమ ఎలా ఉన్నాయో తెలియాలి. కాబట్టి అందరూ కొంత లెక్క చేసి ఆగి, పక్కవాళ్ల అంకెలు అందుకుని మళ్లీ మొదలుపెడతారు. ఆ ఆగే సమయాన్ని తగ్గించడమే నీ పరిశోధన.

మన చేలో నాట్లు గుర్తున్నాయా? ముఠాలో ఇరవై మంది ఆడవాళ్లు వరుసగా వంగి నాటుతుంటే, గట్టు మీద నుంచి నారు కట్టలు విసిరేది ఒక్కడే. ఒక ఏడాది తొందరపడి నలభై మందిని పిలిచాను. కూలి రెట్టింపైంది, పని మాత్రం రెట్టింపు కాలేదు. మోకాలి లోతు బురదలో నడుం పట్టుకుని కట్ట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఒక్కరి చేతిలోనే సాగాల్సిన పని మిగిలి ఉన్నంతకాలం ఎంతమందిని పెట్టినా వేగం ఒక హద్దు దాటదని కంప్యూటర్ల నిపుణుడు ఆమ్డాల్ 1967లోనే చెప్పాడని నువ్వు చెప్పినప్పుడు నాకు ఆ చేనే కళ్లముందు కదిలింది. నువ్వు చూసుకునేది ఆ కట్టలు అందించే మనిషిని. అది చిన్న పని కాదు తల్లీ.

2025 మేలో మన వాతావరణ శాఖ సూచనలో గడి కొలతను 12 కిలోమీటర్ల నుంచి 6కు తగ్గించారని, ఆ లెక్క పుణేలోని అర్క అనే సూపర్ కంప్యూటరు మీద నడుస్తోందని చెప్పావు. సగమే కదా అనుకుని కాగితం మీద గీసి చూశాను. ఒక్క గడి నాలుగైంది. గడి చిన్నదైతే కాలాన్ని కూడా చిన్న అడుగులుగా వేయాలి, అంటే పని ఎనిమిది రెట్లు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

1989 నవంబరులో థాయ్‌లాండును దాటి బంగాళాఖాతంలోకి వచ్చిన తుఫాను మన కావలి దగ్గరే తీరం దాటింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. మీ తాత ఎద్దు పలుపుతో తలుపు గడియను కట్టి, తెల్లవార్లూ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున చూస్తే అరచేతుల్లో తోలు లేచిపోయింది. రేడియోలో తుఫాను మాట విన్నాం కానీ అది మా మీదికే వస్తుందని మాకు తెలియలేదు. ఒక్క పూట ముందు తెలిసి ఉంటే ఆయన పశువులను విప్పి మెరకకు తోలేవాడు. చివరిదాకా ఆ మాటే అనేవాడు.

అమెరికా తన పెద్ద 'క్రే' సూపర్ కంప్యూటరును అమ్మనంటే, 1988లో సీడాక్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థను పెట్టి 1991 నాటికి పరమ్ 8000 అనే సొంత సూపర్ కంప్యూటరును తయారుచేసుకున్న దేశం మనది. ఆ దారిలో నడుస్తున్నదానివి, భయం దేనికి?

నాకు మిగిలిన దిగులు ఒకటుంది. 2024 నవంబరులో ప్రపంచ సూపర్ కంప్యూటర్ల జాబితాలో మొదటి స్థానానికి వచ్చిన అమెరికా యంత్రం ఎల్ కాపిటాన్ అప్పట్లో 1.7 ఎక్సాఫ్లాప్‌ల వేగం చూపిందని, ఒక ఎక్సాఫ్లాప్ అంటే సెకనుకు ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టినన్ని లెక్కలని, దానికి దాదాపు 30 మెగావాట్ల కరెంటు కావాలని చెప్పావు. అంత కరెంటులో అంకెలను అటూ ఇటూ మోయడానికే చాలా పోతుందట. ఇప్పుడేమో కొత్త చిప్పులు కృత్రిమ మేధ కోసం కచ్చితత్వం తక్కువైనా వేగంగా నడిచే 16 బిట్లు, 8 బిట్ల చిన్న అంకెల మీదే ఎక్కువ మొగ్గుతున్నాయి. తుఫాను లెక్కలో ఎక్కడ చిన్న అంకె సరిపోతుంది, ఎక్కడ 64 బిట్ల కచ్చితమైన అంకె ఉండి తీరాలి? పాత తుఫానులను చూసి నేర్చుకున్న యంత్రం, ముందెన్నడూ చూడని తుఫానును పట్టుకోగలదా? అక్కడికి వచ్చే పెద్దవాళ్లను ఈ రెండూ తప్పకుండా అడుగు. నా ప్రశ్నలుగానే అడుగు, ఫరవాలేదు.

పోస్టరులో వేగం పైకి లేచిన గీత ఒక్కటే పెట్టకు. ఒక దశ దాటాక ప్రాసెసర్లు పెంచినా ఫలితం లేదన్నావే, అది కూడా వేసి చూపించు. నీ గీత ఎక్కడ పడుకుందో చూసినవాడే నీ దగ్గర ఆగుతాడు, తనకూ అక్కడే చిక్కు వచ్చిందంటాడు. భోజనాల దగ్గర మీ కాలేజీ పిల్లలతోనే కూర్చోకు. తెలియనివాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల పని ఎక్కడ ఆగిందో అడుగు.

కాలువకు నీళ్లు వదిలారు. మన నాట్లు కూడా సదస్సు జరిగే వారంలోనే. ఫోను చొక్కా జేబులోనే పెట్టుకుంటాను. పోస్టరు దగ్గర ఎదురైన మొదటి ప్రశ్న ఏమిటో అదే రోజు చెప్పు, చేతికి బురద ఉన్నా ఎత్తుతాను.

ఇట్లు,
మీ నాన్న