రిటైర్మెంటు డబ్బంతా మా షాపుకు తీసుకురాకండి

మా కస్టమర్లందరికీ నమస్కారం.

నెల రోజులుగా షాపులో ఒకే ప్రశ్న పదేపదే వింటున్నాను. కౌంటరు దగ్గర రద్దీలో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పడం నాకే తృప్తిగా లేదు, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. ఈ ఏడాది రిటైరైనవాళ్లు, రెండు మూడేళ్లలో రిటైరవబోయేవాళ్లు మాత్రం చివరి దాకా చదవండి.

ప్రశ్న ఇది. "బంగారం ఆగకుండా పెరుగుతోంది, బ్యాంకు వడ్డీలేమో తగ్గిపోతున్నాయి, షేర్లంటే భయం, ఎక్కడ చూసినా యుద్ధాల వార్తలే, ఈ పరిస్థితుల్లో వచ్చిన డబ్బంతా పెట్టి బంగారం కొనేస్తే నిశ్చింత కదా?"

వద్దండీ. విజయవాడ వన్‌టౌన్‌లో నాన్న తర్వాత నేను, ఇద్దరం బంగారం అమ్ముకునే బతికాం, ఆ షాపులో కూర్చునే చెప్తున్నాను, వద్దు.

రెండు వారాల కిందట భవానీపురం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి 62 ఏళ్లకు దిగిపోయారు. నాన్న రోజుల నుంచీ మా కస్టమరు, నేను బాబాయ్ అనే పిలుస్తాను. పక్కన పిన్నిగారు, చేతిలో పాస్‌బుక్, అందులో 18 లక్షలు. మొత్తానికీ గాజులు, గొలుసులు చూపించమన్నారు, "దాచుకున్నట్టూ ఉంటుంది, మనవరాళ్ల పెళ్లిళ్లకూ ఉంటుంది" అని. టీ తెప్పించి గంటసేపు మాట్లాడి, ఒక్క గ్రాము కూడా అమ్మకుండా పంపించాను. పిన్నిగారు మొహం చిన్నబుచ్చుకున్నారు, "మా డబ్బు మీకు చేదయిందా బాబూ?" అన్నారు. షాపులో కుర్రాళ్లు కూడా నన్ను వింతగా చూశారు. ఎందుకలా చేశానో చెప్పాలంటే 2012కి వెళ్లాలి.

అప్పట్లో పటమట నుంచి ఒక టీచరుగారు వచ్చేవారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఇంటి అప్పు తీర్చగా ఆరు లక్షలు మిగిలాయి, ఆ ఆరు లక్షలకూ నా దగ్గర ఒక హారం, గాజులు, రెండు గొలుసులు తీసుకున్నారు. మేలిమి, అంటే 24 క్యారెట్ల బంగారం, పది గ్రాములు అప్పుడు 31 వేల దగ్గర ఉంది. "మంచి పని చేశారమ్మా, ఇంకా పెరుగుతుంది" అన్నది నేనే. మూడేళ్లు తిరక్కుండా ఆమె భర్తకు గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 2015 జూలైలో ఆ నగలన్నీ సంచిలో పెట్టుకుని వచ్చారు. అప్పటికి మేలిమి 25 వేలకు దిగిపోయి ఉంది. కొన్నప్పుడు కట్టిన తరుగు (నగ చేసేటప్పుడు పోయే బంగారం పేరుతో వేసేది), మజూరీ (చేసినందుకు కూలి) ఎలాగూ తిరిగి రావు, దానికి తోడు రేటు కూడా పడిపోవడంతో ఆరు లక్షలు పెట్టి కొన్నది నాలుగు లక్షల ఇరవై వేల దగ్గర ఆగింది. నేనేమీ తగ్గించి కట్టలేదు, ఏ షాపుకు వెళ్లినా అంతకన్నా వచ్చేది కాదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. లెక్క కాగితం రెండుసార్లు చూసుకుని, ఏమీ అనకుండా డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. మళ్లీ మా షాపుకు రాలేదు. ఆ రోజు ఆమె నన్ను నాలుగు తిట్టి ఉన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

అవే నగలు అలాగే ఉంచుకుని ఉంటే ఈ రోజు ఎంతయ్యేవో తెలుసా అని మీరు అడగొచ్చు. తెలుసు. 2025 ఏప్రిల్‌లో మేలిమి పది గ్రాములు లక్ష దాటింది. కాని గుండె ఆపరేషన్ రేటు పెరిగేదాకా ఆగదు కదా. 2012లో 31 వేలు ఉన్న బంగారం 2018లోనూ దాదాపు అంతే ఉంది, ఆరేళ్లు! ఆ ఆరేళ్లలో కందిపప్పు, కరెంటు బిల్లు, మందుల ఖర్చు ఆగలేదు. ఉద్యోగంలో ఉన్నవాడు రేటు పడితే జీతం మీద బతుకుతూ ఎదురు చూస్తాడు. జీతం ఆగిపోయిన ఇంట్లో ఆ వెసులుబాటు ఉండదు, పైగా బంగారం నెలనెలా వడ్డీ ఇవ్వదు, అద్దె ఇవ్వదు, బీరువాలో ఉంటుంది, అంతే. ఖర్చుకు కావాలంటే అమ్మాలి, అది కూడా ఆ రోజు రేటు ఎంతుంటే అంతకే.

నగల విషయంలో ఇంకో లెక్క ఉంది, ఇది చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పరు. లక్ష రూపాయల బంగారం ఉన్న నగ కొంటే తరుగు, మజూరీ కలిపి 12 శాతం అనుకోండి, మీద జీఎస్టీ 3 శాతం, మీ చేతిలోంచి లక్షా పదిహేను వేలు పైనే వెళ్తుంది. మర్నాడే తిరిగి తెచ్చినా, రేటు పైసా మారకపోయినా, లక్ష దాటి రాదు. అంటే రేటు 15 శాతం పెరిగితేగాని మీరు మొదలుపెట్టిన చోటికి రారు. రాళ్లు పొదిగినవైతే ఇంకా ఎక్కువ పోతుంది. పెళ్లికి, పండక్కి, ముచ్చటకు కొనుక్కునే నగకు ఈ ఖర్చు న్యాయమే, చేసినవాడి పనితనానికి ఇచ్చే డబ్బు అది. ముసలితనం కోసం దాచుకునే డబ్బులోంచి అంత కోత ఎందుకు?

అయితే ఇంత తెలిసీ నేనెందుకు ఇన్నాళ్లు అందరికీ బంగారమే కొనమన్నానంటే, దానికి మా నాన్న కథ ఉంది. నాన్న రెండున్నర లక్షలు ఒక సహకార బ్యాంకులో వేశారు, అర శాతం వడ్డీ ఎక్కువ ఇస్తున్నారని. ఆ బ్యాంకు మూతపడింది. అప్పట్లో డిపాజిట్ బీమా, అంటే బ్యాంకు మూతపడితే డిపాజిటుదారుకు వచ్చే డబ్బు, లక్ష రూపాయలే, ఆ లక్ష కూడా చాలా ఆలస్యంగా చేతికొచ్చింది. ఇక అప్పటి నుంచి నాన్న బంగారం తప్ప దేన్నీ నమ్మలేదు, నన్నూ నమ్మనివ్వలేదు. ఆయన బాధ నిజమే. కాని నాకు ఇప్పుడు అర్థమవుతోంది, మేం ఒక గంపను వదిలేసి గుడ్లన్నీ ఇంకో గంపలో పెట్టాం. నాకు పెన్షన్ లేదు, నా షాపులో సరుకు బంగారం, ఇంట్లో దాచింది బంగారం, నా ఆదాయం వచ్చేది బంగారం మీదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి షాపు మూయించినప్పుడు బంగారం రేటు పైకి వెళ్తోంది, నా ఇంట్లో మాత్రం నెల ఖర్చుకు చేతిలో డబ్బు లేదు. కొనేవాడు రాని రోజున రేటు ఎంతుంటే ఏం ప్రయోజనం? ఆ నెల మా తమ్ముడు డబ్బు పంపాడు. ఆ తర్వాతే నేను పోస్టాఫీసులో పీపీఎఫ్ (ప్రభుత్వం నడిపే దీర్ఘకాల పొదుపు ఖాతా) తెరిచాను, నెలకు కొంచెం కొంచెం మ్యూచువల్ ఫండ్‌లో వేయడం మొదలుపెట్టాను, హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకున్నాను. పీపీఎఫ్ వడ్డీ 7.1 శాతమే, డబ్బు పదిహేనేళ్లు కట్టేసినట్టు ఉంటుంది, అయినా నాకు అది ఉందన్న ధైర్యం వేరు.

భూమి సంగతి కూడా ఇంతే. మనవాళ్లకు బంగారం కాకపోతే ప్లాటు. మా బావమరిది సర్వీసు డబ్బంతా పెట్టి తుళ్లూరు వైపు ప్లాటు కొన్నాడు, 2015లో రాజధానికి శంకుస్థాపన జరిగిన ఊపులో. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఆ ప్లాటును అడిగేవాడే లేకుండా పోయాడు. కూతురి పెళ్లికి అప్పు చేశాడు. 2024 ఎన్నికల తర్వాత రేట్లు మళ్లీ లేచాయి, ఇప్పుడు అందరూ ఆయన్ని అదృష్టవంతుడంటున్నారు, ఆ మధ్యలో కట్టిన అప్పు వడ్డీ మాత్రం ఎవరికీ గుర్తులేదు. పైగా ప్లాటులో రెండు గజాలు కోసి ఆసుపత్రి బిల్లు కట్టలేం కదా.

బంగారం వల్ల మంచి లేదని నేను అనడం లేదు, అలా అంటే అబద్ధం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ అంతా మునిగినప్పుడు, నీళ్లు తీశాక మా కస్టమర్లు చాలామంది వచ్చారు. ఇల్లు బురద, ఫ్రిజ్ పోయింది, బండి పోయింది, కాగితాలు తడిసి ముద్దయ్యాయి. మెడలో ఉన్న గొలుసు తాకట్టు పెట్టి ఆ రోజే డబ్బు తీసుకెళ్లారు. అలాంటి రోజు బంగారం ఆదుకున్నంత త్వరగా ఇంకేదీ ఆదుకోదు. 2020లో షేర్ మార్కెట్ రెండు నెలల్లో మూడో వంతుకు పైగా పడిపోయింది, అదే ఏడాది బంగారం ఆగస్టుకల్లా 56 వేలు దాటింది. ఒకటి పడినప్పుడు ఇంకొకటి నిలబెడుతుంది, అందుకే కొంత బంగారం ఉండాలి. ఎంత అంటే, నా లెక్కలో పదింట ఒక వంతు, మహా అయితే ఒకటిన్నర. ఇప్పటికే ఇంట్లో ఉన్న నగలు కూడా అందులో లెక్కేసుకోండి, అది చాలామంది మర్చిపోతారు.

బాబాయికి నేను చెప్పింది ఇదీ. ముందు పోస్టాఫీసుకు వెళ్లి సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీం అడగమన్నాను. 60 దాటినవాళ్లు 30 లక్షల దాకా వేసుకోవచ్చు, బ్యాంకుల్లో కూడా తెరుస్తారు. 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తున్నారు. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటు సవరిస్తుంది కానీ, మీరు వేసిన రోజున ఉన్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని, 6.5 శాతం నుంచి 5.25కు దించింది, బ్యాంకు డిపాజిట్ల వడ్డీలు తగ్గింది అందుకే, ఇలాంటప్పుడు రేటు ఐదేళ్లు కదలకుండా ఉండటం చిన్న విషయం కాదు. 8.2 లెక్కన పది లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 20,500 చేతికొస్తుంది. మధ్యలో తీయాల్సి వస్తే కొంత కోత ఉంటుంది, అది ముందే అడిగి తెలుసుకోవాలి.

మిగిలింది ఒకే బ్యాంకులో పెట్టొద్దన్నాను. 2020 ఫిబ్రవరి నుంచి డిపాజిట్ బీమా ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షలు, వడ్డీ కూడా కలిపే. ఒకే బ్యాంకులో మూడు బ్రాంచీల్లో వేసినా అది 5 లక్షలే. మా నాన్నకు ఈ మాట చెప్పేవాళ్లు లేకపోయారు. షేర్లు, ఫండ్‌ల జోలికి బాబాయిని వెళ్లమనలేదు, ఆయన నిద్ర పాడవుతుంది. మీలో నలభైల్లో ఉన్నవాళ్లు, సొంత వ్యాపారం చేసుకునేవాళ్లు, పెన్షన్ లేనివాళ్లు మాత్రం కొంతైనా అటు వేయండి, ఐదేళ్లలోపు అవసరం రాని డబ్బైతేనే.

నా బాధల్లా ఎక్కువ వడ్డీ ఆశ చూపించి ఇంటికొచ్చేవాళ్ల గురించి. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు ఇస్తామని రిటైరైనవాళ్లనే వెతుక్కుంటూ వస్తారు, తెలిసినవాళ్ల చేతే చెప్పిస్తారు. దయచేసి ఇవ్వకండి. మన బెజవాడలో అలా పోగొట్టుకున్న ఇళ్లు ఎన్ని చూశానో.

ఇక షాపులో వచ్చే నెల నుంచి మారేవి. 60 దాటినవాళ్లు రెండు లక్షలకు మించి కొంటుంటే, అది పెళ్లికా దాచుకోవడానికా అని మా వాళ్లు అడుగుతారు, కోపం తెచ్చుకోకండి. దాచుకోవడానికైతే పనితనం ఎక్కువున్న నగలు చూపించరు, హాల్‌మార్క్ ఉన్న నాణేలు, రాళ్లు లేని సాదా గాజులు చూపిస్తారు. కాగితం మీద ఉండే బంగారం కావాలంటే గోల్డ్ ఈటీఎఫ్‌లు (బంగారం రేటును బట్టి విలువ మారే, షేర్లలా కొనే ఫండ్‌లు) ఉన్నాయి, దానికి తరుగు లేదు, ఆ మాట కూడా మేమే చెప్తాం, నాకు అమ్మకం పోయినా ఫర్వాలేదు. ప్రతి బిల్లు మీద, తిరిగి తెస్తే ఎంత తగ్గించుకుంటామో అంకె రాసి ఇస్తాం. నెలనెలా డబ్బు కట్టి చివర నగ తీసుకునే మా పదకొండు నెలల స్కీములో రిటైరైనవాళ్లను కొత్తగా చేర్చుకోవడం ఆపేశాం, ఇప్పటికే కడుతున్నవాళ్లకు అనుకున్న ప్రకారమే ఇస్తాం.

మొన్న శనివారం బాబాయి, పిన్నిగారు మళ్లీ వచ్చారు. పది లక్షలు పోస్టాఫీసులో, నాలుగు లక్షలు రెండు బ్యాంకుల్లో, రెండు లక్షలు ఆసుపత్రి అవసరానికని విడిగా పెట్టారట. మిగిలిన దాంట్లో పెద్ద మనవరాలికి ఒక గొలుసు తీసుకున్నారు. పిన్నిగారే ఎంచారు.

మీ దగ్గరున్న పాత బిల్లులు, పాత నగలు ఎంత చేస్తాయో తెలుసుకోవాలంటే తీసుకురండి. తూకం వేసి రాసిస్తాం, డబ్బేమీ ఇవ్వక్కర్లేదు. అమ్మమని కూడా అడగం. ఆదివారం తప్ప రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను కౌంటరులోనే ఉంటాను.